కాశీ ట్రిప్: ఏవి మనం బుక్ చేస్కోవాలి, ఏవి ఏజెంట్‌కి వదిలేయాలి

మా ఇంట్లో కాశీ మాట ఎత్తితే చాలు రెండు పార్టీలు లేస్తాయి. నాన్నదేమో "ఎవరో ఒక ట్రావెల్స్ వాడికి ఇచ్చేయరా, వాడే చూస్కుంటాడు, నువ్వు ఆ ఫోన్ నొక్కుతూ కూర్చుంటే మనం ఎక్కేది రైలు కాదు ఇంకోటి" అనే పార్టీ. మా ఆవిడది "అన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంటే మధ్యలో వాడికి కమీషన్ ఎందుకు" అనే పార్టీ. నేను రెండు రకాలుగానూ వెళ్లొచ్చా, రెండు రకాలుగానూ తిట్లు తిన్నా. అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే సగం మీరు చేస్కోండి, సగం వాడికి ఇవ్వండి అంటా. ఏ సగం ఎవరిదో అదే ఇక్కడ చెప్తున్నా, హైదరాబాద్ నుంచి కాశీ, ప్రయాగ, అయోధ్య, గయ తిరిగే ట్రిప్‌ని పట్టుకుని.

మొదటిసారి 2018లో అమ్మానాన్నల్ని ఒక యాత్రా గ్రూప్‌లో పంపించా. మా ఊరి ఏజెంటే, పేరెందుకులెండి. "రూమ్ ఘాట్ పక్కనే సార్, కిటికీ తీస్తే గంగ" అన్నాడు. తీరా వెళ్తే రూమ్ ఎక్కడో ఊరి చివర, గంగ చూడాలంటే ఆటో ఎక్కాలి. గయ కూడా ఉందన్నాడు, అక్కడికెళ్లాక టైం సరిపోదని లేపేశాడు, నాన్న తాతయ్యకి పిండం పెడదామని వెళ్లిన మనిషి, ఆ కోపం ఇప్పటికీ ఉంది. కానీ అదే ట్రిప్ గురించి అమ్మని అడగండి, వంటవాళ్లు వెంట వచ్చారంట, పొద్దున్నే ఉప్మా, మధ్యాహ్నం చారూ పప్పూ, దారిలో బస్సు ఆపి పులిహోర పెట్టారంట, "తిండికి లోటు చెయ్యలేదు నాన్నా" అంటుంది. రెండూ నిజమే. ఏజెంట్ ఏది బాగా చేస్తాడో ఏది చెయ్యడో ఆ ఒక్క ట్రిప్‌లోనే కనిపించింది, నాకు అర్థం కావడానికే టైం పట్టింది.

రెండోసారి, మొన్న డిసెంబర్‌లో, 9 మందిమి అనుకున్నాం. ఏజెంట్ మనిషికి 24,500 చెప్పాడు, ఫ్లైట్‌తో కలిపి 6 రోజులు. ఇలాంటి రేటు చెప్పగానే బేరం మొదలెట్టకండి, ముందు ఒక కాగితం తీసి విడగొట్టండి. నేనలాగే కూర్చున్నా. ఫ్లైట్ రానూపోనూ ఆ రోజు సైట్‌లో దాదాపు 11,000. వాడు చెప్పిన హోటళ్ల లెవెల్లో రూమ్ రోజుకి 2,000, ఇద్దరు షేరింగ్ కాబట్టి మనిషికి 1,000, 5 రాత్రులకి 5,000. టెంపో ట్రావెలర్ రోజుకి 6,000 చొప్పున 4 రోజులు, 24,000ని 9 మందికి పంచితే సుమారు 2,700. పడవలూ అవీ ఇవీ 500. మొత్తం 19,200 అయింది. ఇంకా మిగిలింది 5,300, దాంట్లో ప్యాకేజీ మీద 5 శాతం జీఎస్టీ కింద 1,170 దాకా పోద్ది, రోజుకి 400 తిండి వేస్కుంటే 2,400. అంటే వాడికి మిగిలేది మనిషికి 1,700 చిల్లర. దొంగని పట్టుకుందామని టార్చిలైట్ వేస్కుని కూర్చుంటే పాపం మామూలు మనిషే దొరికాడు.

అప్పుడు నాకు వెలిగింది ఏంటంటే ఏజెంట్‌కి మనం ఇచ్చే డబ్బు టికెట్ కోసం కాదు, తిప్పల కోసం. టికెట్ కొనడం ఇప్పుడు ఎవరికైనా వచ్చు, కానీ రాత్రి 2 గంటలకి తెలియని ఊళ్లో రైలు దిగితే బండి ఉంటుందా లేదా, రూమ్ వాడు తలుపు తీస్తాడా లేదా, అదీ వాడు అమ్మే సరుకు. కాబట్టి టికెట్లు మనం తీస్కుని, అక్కడ దిగాక జరిగేదంతా వాడికి అప్పజెప్తే సరిపోద్ది. ట్రావెల్స్ వాళ్ల భాషలో దీన్ని ల్యాండ్ ప్యాకేజీ అంటారు, "ఫ్లైట్ మాది, ల్యాండ్ ఒక్కటే ఇవ్వండి" అనండి, వెంటనే అర్థమైపోద్ది. కొంచెం మొహం మాడ్చుకుంటారు కానీ ఇస్తారు.

ముందు రైలు. రైలు టికెట్ ఎట్టి పరిస్థితిలో మీరే తీస్కోండి, దీంట్లో ఏజెంట్‌కి మీకన్నా ఎక్కువ పవర్ ఏమీ లేదు. రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణం రోజుని వదిలేసి 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకి ఓపెన్ అవుతుంది, 2024 నవంబర్ దాకా ఇది 120 రోజులు ఉండేది, చాలామంది పెద్దవాళ్లు ఇంకా నాలుగు నెలల ముందు అనే లెక్కలోనే ఉన్నారు. ఐఆర్‌సీటీసీ ఐడీకి ఆధార్ ముందే లింక్ చేసి పెట్టుకోండి, ఆ రోజు 8కి కూర్చుని చేద్దామంటే ఓటీపీ వచ్చేలోపు వెయిటింగ్ లిస్ట్ వచ్చేస్తది. పేర్లూ వయసులూ అదే సైట్‌లో ఉండే మాస్టర్ లిస్ట్‌లో ముందే ఎక్కించండి. ఫీజు కూడా పెద్దగా ఏం లేదు, యూపీఐతో కడితే నాన్ ఏసీకి 10, ఏసీకి 20 రూపాయలు, పైన జీఎస్టీ.

తత్కాల్ అయితే ముందు రోజు ఏసీకి 10 గంటలకి, స్లీపర్‌కి 11కి. "తత్కాల్ నాకు వదిలేయండి సార్, మనకి లోపల మనుషులున్నారు" అనే ఏజెంట్ ఎదురైతే నవ్వి ఊరుకోండి, ఎందుకంటే 2025 జులై నుంచి రూల్ ప్రకారం తత్కాల్ ఓపెన్ అయిన మొదటి అరగంట ఏజెంట్లు అసలు బుక్ చేయకూడదు. మరి ఎలా చేస్తున్నాడంటే ఎవరిదో పర్సనల్ ఐడీతో చేస్తున్నాడన్నమాట. ఆ టికెట్ ప్రింట్ మీద కిందనే ఉంటది చూడండి, ఇది పర్సనల్ ఐడీతో తీసిన టికెట్, దీన్ని అమ్మడం కొనడం రైల్వే చట్టం 143 సెక్షన్ కింద నేరం అని. పట్టుకుంటే టికెట్ పోద్ది, మీరు ప్లాట్‌ఫాం మీద ఉంటారు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ దగ్గరే తీస్కున్నా సరే, మీ సొంత మొబైల్ నంబరే ఇవ్వండి. క్యాన్సిల్ చేస్తే డబ్బు ఏజెంట్ ఖాతాలోకి వెళ్తది, కానీ ఓటీపీ మాత్రం టికెట్‌లో ఇచ్చిన నంబర్‌కి వస్తది, ఆ నంబర్ కూడా వాడిదే అయితే రిఫండ్ వచ్చిందో రాలేదో మీకెవరు చెప్తారు.

ఇంకో చిన్న సంగతి, ఇది మాత్రం కచ్చితంగా గుర్తుంచుకోండి. పెద్దవాళ్లకి లోయర్ బెర్త్ కావాలంటే వాళ్లని మీ టికెట్‌లో కలపకండి. 60 దాటిన మగవాళ్లకి, 45 దాటిన ఆడవాళ్లకి లోయర్ బెర్త్ కోటా ఉంది, కానీ అది ఒక టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉంటేనే. అమ్మానాన్న ఇద్దరికీ వేరే టికెట్ తీసి ఆ కోటా సెలెక్ట్ చేస్తే రెండు లోయర్లు వచ్చాయి. అందరం ఒకటే టికెట్ మీద ఉందామనే సెంటిమెంట్‌తో ఆరుగురినీ కలిపి కొట్టి, ఆ తర్వాత టీసీ వెనకాల "సార్ మా అమ్మకి మోకాళ్లు" అని తిరిగే వాళ్లని ఎంతమందిని చూశానో. ఏజెంట్ అయితే ఇంత ఆలోచించడు, వాడికి ఒక టికెట్ ఒక పని.

స్టేషన్ పేరు కూడా చూస్కోండి. కాశీకి వెళ్లే రైళ్లన్నీ ఒకే చోట ఆగవు. వారణాసి జంక్షన్ ఒకటి, దాన్నే అక్కడ కాంట్ అంటారు, బెనారస్ అని ఇంకోటి, అది పాత మండువాడీహ్, కాశీ అని చిన్న స్టేషన్ వేరే ఉంది, ఇక దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అంటే మన పెద్దోళ్లు చెప్పే మొఘల్‌సరాయ్, అది గంగకి అవతల ఒడ్డున, అక్కడ దిగితే ఊళ్లోకి ఆటోనో కారో పట్టుకోవాలి. బండి మాట్లాడేటప్పుడు స్టేషన్ పేరు తప్పు చెప్తే డ్రైవర్ ఒక చోట, మీరు ఇంకో చోట.

ఫ్లైట్ సంగతి ఈజీనే. హైదరాబాద్ నుంచి వారణాసికి డైరెక్ట్ ఉంది. రేట్లు పోల్చి చూడ్డానికి ఏ యాప్ అయినా వాడండి, కొనేది మాత్రం ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో కొనండి. రెండొందలు తక్కువని మధ్యలో యాప్‌లో కొన్నామనుకోండి, ఫ్లైట్ టైం మారినప్పుడు ఎయిర్‌లైన్ వాడు యాప్ వాణ్ని అడగమంటాడు, యాప్ వాడు చాట్‌బాట్‌తో మాట్లాడమంటాడు. ఎక్కువమంది ఉంటే అందరికీ కలిపి ఒకేసారి కాకుండా ముందు ఒక్కరికి, తర్వాత ముగ్గురికి అలా సెర్చ్ చేసి చూడండి. చవక రేటులో మూడు సీట్లే మిగిలి ఉంటే మీరు ఏడుగురికి కొట్టినప్పుడు ఏడుగురికీ పై రేటే చూపిస్తది, విడగొట్టి కొంటే ఆ ముగ్గురి వరకు మిగులుద్ది. మాకు అలా కొంత కలిసొచ్చింది. మన ఇంటిపేర్లతో ఇంకో గోల, ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే కొట్టండి, ఇంటిపేరు ముందుంటే దాన్ని లాస్ట్ నేమ్ బాక్స్‌లో వేస్కోండి, ఇనిషియల్ వదిలేయకండి. ఏజెంట్‌తో చేయిస్తే ఫోన్‌లో పేరు చెప్పొద్దు, ఆధార్ ఫోటోనే పంపండి, వెంకటేశ్వర్లు వెంకటేశ్వరరావు అయిపోడం ఎంతసేపు. పంపేటప్పుడు నంబర్ మాస్క్ చేసిన ఆధార్ పంపడం మంచిది.

మా ప్లాన్‌ని మాత్రం అమ్మ ఒక్క మాటతో తిరగేసింది. "కాశీకి వెళ్లి తొమ్మిది రాత్రులు నిద్ర చెయ్యకుండా వస్తారా ఎవరన్నా" అంది. మామూలు ప్యాకేజీల్లో తొమ్మిది రాత్రులు ఉండవు, ఏజెంట్‌కి రెండు రాత్రులు దాటితే లాభం లేదు. దాంతో అమ్మానాన్న ముందే రైల్లో, మిగతా ఏడుగురం తర్వాత ఫ్లైట్‌లో అని ఫిక్స్ అయ్యాం. ఇలాంటి పట్టింపులు ఉన్నవాళ్లకి ఉండే చోటు సొంతంగా చూస్కోవడమే దారి. కాశీలో మన తెలుగువాళ్లవి ఆంధ్రాశ్రమం, కరివేన సత్రం లాంటివి ఉన్నాయి, ముందు ఫోన్ చేసి మాట్లాడుకోవాలి, కార్తీకంలో అయితే చాలా ముందు. సత్రాల్లో చాలాచోట్ల ఒంటరిగా వచ్చినవాళ్లకి రూమ్ ఇవ్వరు, అందరి ఐడీలూ అడుగుతారు, అవి ముందే కనుక్కోండి. జాగ్రత్త ఏంటంటే గూగుల్‌లో సత్రం పేరు కొడితే వచ్చే మొదటి నంబర్‌కి డబ్బులు కొట్టేయకండి. సత్రాల పేరు మీద, ఆశ్రమాల పేరు మీద దొంగ సైట్లు పెట్టి వాట్సాప్‌లో క్యూఆర్ పంపే బ్యాచ్‌లు ఉన్నాయి. ఈమధ్య అక్కడ ఉండి వచ్చినవాళ్ల దగ్గర నంబర్ తీస్కోడం అన్నిటికన్నా సేఫ్.

హోటల్ అయితే రేటు కన్నా ముందు చూడాల్సింది నడక. కాశీ పాత ఊళ్లో గల్లీల్లోకి కారు రాదు, గోదౌలియా దగ్గరో ఇంకెక్కడో దింపేస్తారు, అక్కణ్నుంచి సూట్‌కేసులు పట్టుకుని ఆవులని తప్పించుకుంటూ నడవాలి. ఘాట్ మీద హోటల్ అని ఫోటో చూసి మురిసిపోతాం, దానికి అరవై మెట్లు ఉంటాయని ఫోటోలో కనపడదు. నేను యాప్‌లో హోటల్ చూసి, రివ్యూల్లో మెట్లు, లిఫ్ట్ అనే మాటలు వెతికి, తర్వాత హోటల్‌కే డైరెక్ట్‌గా ఫోన్ చేశా. "కార్ కహా తక్ ఆయేగా", అంటే కారు ఎక్కడిదాకా వస్తది అని ఒక్క ముక్క అడిగితే చాలు, వాడు తడబడితే ఆ హోటల్ వద్దు. డైరెక్ట్‌గా అడిగితే ఒక్కోసారి యాప్ కన్నా తక్కువకే ఇస్తారు, ఇవ్వకపోతే యాప్ ఉండనే ఉంది.

దర్శనానికి ఏజెంట్లు విఐపీ దర్శనం అని విడిగా డబ్బులు అడుగుతారు. అది వాళ్లు కనిపెట్టిందేం కాదు, కాశీ విశ్వనాథ ఆలయం వాళ్ల సొంత సైట్‌లోనే సుగమ దర్శనం, మంగళ హారతి టికెట్లు ఉంటాయి, పేరు, తేదీ కొట్టి మీరే తీస్కోవచ్చు.

ఇక ఏజెంట్ దగ్గరికి. ల్యాండ్ ఇచ్చేటప్పుడు ఫోన్‌లో ఎంత తీయగా మాట్లాడినా వదిలేయండి, అంతా వాట్సాప్‌లో రాతలో తీస్కోండి. నేను పంపిన మెసేజ్ ఇదీ, కావాలంటే మార్చుకుని వాడుకోండి:

"సార్, మొత్తం 9 మంది, అందులో ఇద్దరు పెద్దవాళ్లు రైల్లో ముందే వస్తారు వాళ్లకి పికప్ కూడా కావాలి. హోటల్ పేర్లు, మ్యాప్ లొకేషన్లు పంపండి, 'లేదా అలాంటిదే' అని రాయొద్దు. లిఫ్ట్ ఉందా. బండి ఏ మోడల్, టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా, బీహార్ పర్మిట్ అన్నీ రేటులో ఉన్నాయా. గయ కచ్చితంగా ఉండాలి, అది క్యాన్సిల్ అయితే ఎంత తిరిగిస్తారు. రైలు గానీ ఫ్లైట్ గానీ లేట్ అయితే వెయిటింగ్ ఛార్జీ ఎంత. రాత్రి పూట ఎవరికి ఫోన్ చేయాలి. మేము వారం ముందు మానుకుంటే అడ్వాన్స్‌లో ఎంత వస్తది."

ముగ్గురికి పంపా. ఒకడు అసలు జవాబే ఇవ్వలేదు, ఇంకొకడు "ఏం టెన్షన్ పడకండి సార్ అంతా నేను చూస్కుంటా" అని ఒక దండం పెట్టాడు, మూడోవాడు ఒక్కోదానికి జవాబు రాసి, పర్మిట్ మాత్రం ఎక్స్‌ట్రా అవుతుంది అని ఒప్పుకున్నాడు. అతనికే ఇచ్చా, రేటు అందరికన్నా కొంచెం ఎక్కువైనా. ఆ బీహార్ పర్మిట్ సంగతి చాలామందికి తెలీదు. యూపీ బండి గయకి వెళ్లాలంటే రాష్ట్రం దాటాలి, అక్కడ ట్యాక్స్ కట్టాల్సి రావొచ్చు, ముందు మాట్లాడుకోకపోతే బోర్డర్‌లో బండి ఆపి "సార్ పైసా" అంటాడు డ్రైవర్, అప్పుడు మీరు చేసేదేం లేదు. కాశీ నుంచి గయ 250 కిలోమీటర్లు ఉంటది, ప్రయాగ 120 దాటుద్ది, అయోధ్య 200 పైనే, కాబట్టి మూడూ రెండు రోజుల్లో అని ఎవడైనా ప్లాన్ ఇస్తే వాడు మ్యాప్ చూడలేదు అనుకోండి. 2018లో మా గయ అలాగే పోయింది.

డబ్బు ఒకేసారి ఇవ్వొద్దు. మేము పావు వంతు అడ్వాన్స్, మొదటి హోటల్‌లో రూమ్ చూస్కుని సగం, గయ అయ్యాక మిగతాది అని మాట్లాడుకున్నాం. పర్సనల్ ఫోన్‌పే నంబర్‌కి కాకుండా సంస్థ పేరు మీద ఉన్న అకౌంట్‌కే వేయండి, జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు వద్దనుకుంటే కొంచెం తగ్గిస్తా అంటాడు, టెంప్ట్ అవ్వొద్దు, రేపు తేడా వచ్చి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా, వినియోగదారుల కమిషన్‌కి వెళ్లినా వాళ్లు మొదట అడిగేది ఆ కాగితమే.

డిసెంబర్ కదా, అనుకున్నంతా అయింది. పొగమంచుకి అమ్మానాన్నల రైలు ఆరు గంటలు లేట్, సాయంత్రం దిగాల్సినవాళ్లు అర్ధరాత్రి దాటాక మొఘల్‌సరాయ్‌లో దిగారు. నేను హైదరాబాద్‌లో ఫోన్ పట్టుకుని గోడకి తల కొట్టుకుంటున్నా. మొదటి డ్రైవర్ డ్యూటీ అయిపోయిందని వెళ్లిపోతే ఏజెంట్ ఇంకొకణ్ని పంపాడు, వాడు నాన్న పేరు కాగితం మీద తెలుగు లిపి చూసి గీసినట్టు గీసి పట్టుకుని నిలబడ్డాడంట, అక్షరం తప్పే కానీ నాన్నకి అర్థమైంది. వెయిటింగ్ కింద 500 తీస్కున్నాడు, ముందే రాసుకున్నాం కాబట్టి గొడవ లేదు. మనిషికి 1,700 దేనికో ఆ రాత్రి లెక్క తేలింది. ఉత్తరాదిలో డిసెంబర్, జనవరి పెట్టుకుంటే మంచు లెక్క వేస్కోండి, దిగిన రోజే దర్శనం టికెట్, అదే రోజు ఇంకో ఊరికి రైలు, ఇలా గొలుసుకట్టుగా పెట్టుకోకండి. వానాకాలంలో అయితే గంగ పొంగితే పడవలు ఆపేస్తారు. కార్తీక పౌర్ణమికి దేవ దీపావళి, ఆ రోజు రూమ్ రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.

మొత్తం ఏజెంట్‌కే ఇచ్చేయాల్సిన కేసులూ ఉన్నాయి. హిందీ ముక్క రాని పెద్దవాళ్లు పిల్లలు లేకుండా వెళ్తుంటే, ఇరవై ముప్పై మంది ఊరంతా కలిసి వెళ్తుంటే, మన తిండి లేకపోతే రెండో రోజే నీరసపడేవాళ్లు ఉంటే, వంటవాళ్లతో వెళ్లే యాత్రా గ్రూపే నయం, మా అమ్మ మాట నమ్మండి. ప్రైవేట్ ఏజెంట్ మీద నమ్మకం లేకపోతే ఐఆర్‌సీటీసీ వాళ్ల భారత్ గౌరవ్ రైళ్లు చూడండి, 2023లో సికింద్రాబాద్ నుంచి పూరీ, గయ, కాశీ, అయోధ్య, ప్రయాగ కలిపి మొదలైంది, కాజీపేట, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రి లాంటి చోట్ల ఎక్కొచ్చు, తిండీ, రూమ్, బస్సు అన్నీ అందులోనే, స్లీపర్ నుంచి సెకండ్ ఏసీ దాకా రేటు మారుద్ది. స్లీపర్ ప్యాకేజీలో రూమ్ కూడా ఆ లెవెల్లోనే ఉంటది, బుక్ చేసేముందు అది చదువుకోండి.

బయల్దేరేముందు ఇంకొక్క పని. మీరు బుక్ చేసినవి, ఏజెంట్ బుక్ చేసినవి అన్నీ కలిపి ఒకే పేజీలో రాసి ప్రింట్ తీయండి, పీఎన్ఆర్, కోచ్, బెర్త్, హోటల్ పేరు హిందీలో, డ్రైవర్ నంబర్, ఏజెంట్ నంబర్. విశ్వనాథుడి గుళ్లోకి ఫోన్ రానివ్వరు, బయట లాకర్లో పెట్టి వెళ్లాలి, జనంలో ఒకరినొకరు తప్పిపోతే వాట్సాప్ లొకేషన్ ఏం పని చేయదు. నాన్న ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, తొమ్మిది రోజులూ అది జేబులోంచి దిగలేదు, గంగ స్నానం రోజు తప్ప.